కాలం నిజంగా గడుస్తుందా? ఒక ప్రశ్నలో ఇరుక్కున్న మూడు ప్రశ్నలు

ప్రశ్న ఇది: "ఫిజిక్స్ ప్రకారం కాలం గడవదనీ, గతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ సమానంగా ఉన్నాయనీ, గడుస్తున్నట్టు అనిపించడం భ్రమేననీ చదివాను. ఐన్‌స్టైన్ కూడా అదే అన్నాడట. నిజమేనా? నిజమైతే జరగబోయేది ఇప్పటికే ఖాయమైపోయినట్టేనా?"

ముందు సమాధానం చెప్పేసి, కారణాలు తర్వాత చెబుతాను. విశ్వమంతటికీ ఒకే "ఇప్పుడు" ఉందనీ, అది భవిష్యత్తు వైపు జరుగుతూ పోతోందనీ మనం ఊహించుకునే చిత్రం ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతం వచ్చాక నిలబడదు. అంతమాత్రాన గడవడమే లేదని తేల్చేయడం తొందరపాటు. ఒక్కో వస్తువుకూ, ఒక్కో మనిషికీ తన దారి వెంట కాలం గడుస్తుంది. దాన్ని గడియారంతో కొలవవచ్చు, కొలిచారు కూడా. ఇక జరగబోయేది ఖాయమా అన్నది పూర్తిగా వేరే సంగతి. దాన్ని చివర్లో చూద్దాం.

ఈ వాదనలు ఏళ్ల తరబడి ఎందుకు తెగవంటే, "కాలం గడుస్తుంది" అన్న మాటలో మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి క్రమం: ఏది ముందు, ఏది తర్వాత. రెండోది దిశ: ముందుకూ వెనక్కీ తేడా ఎందుకుంది, పగిలిన కుండ తనంతట తాను ఎందుకు అతుక్కోదు. మూడోది అసలు గడవడం: రాబోయేది వచ్చి, ఉన్నది పోవడం. రెండోదానికి ఫిజిక్స్‌లో రుజువు చూపించి మూడోది రుజువైందనేవాళ్లు కొందరు. మూడోది సమీకరణాల్లో కనబడలేదు కాబట్టి మొదటిది కూడా భ్రమేననేవాళ్లు ఇంకొందరు. రెండూ తప్పే.

వాదన అసలు రూపం తెలియాలంటే కేంబ్రిడ్జ్ తత్వవేత్త మెక్‌టాగర్ట్ 1908లో 'మైండ్' పత్రికలో రాసిన వ్యాసం దగ్గర మొదలుపెట్టాలి. సంఘటనలను వరస పెట్టే పద్ధతులు రెండున్నాయని ఆయన చూపించాడు. చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగింది. చంద్రయాన్-2 ప్రయోగం 2019లో జరిగింది. 2019 నాటిది 2023 నాటిదానికి ముందు అన్న సంబంధం ఎన్నేళ్లయినా మారదు. ఇలా "ముందు, తర్వాత" సంబంధాలతో కూర్చిన వరసను బి-వరస అంటారు. అదే ల్యాండింగ్ 2022లో భవిష్యత్తు, దిగిన క్షణాన వర్తమానం, ఇవాళ గతం. ఇలా మారుతూ పోయే గుర్తుల వరస ఎ-వరస.

ఆయన వాదన మెట్లు మెట్లుగా సాగుతుంది. మార్పు లేనిది కాలం కాదు. బి-వరసలో ఏదీ మారదు. కాబట్టి కాలం ఉండాలంటే ఎ-వరస ఉండి తీరాలి. కానీ గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక సంఘటనకు వాటిలో ఒకటి ఉంటే మిగతా రెండూ ఉండకూడదు. అయినా ప్రతి సంఘటనకూ మూడూ అంటుకోక తప్పదు. ఇక్కడ ఎవరైనా వెంటనే అనే మాట, "మూడూ ఒకేసారి కాదు కదా, ముందు భవిష్యత్తు, తర్వాత వర్తమానం, ఆ తర్వాత గతం" అని. మెక్‌టాగర్ట్ కాచుకుని కూర్చున్నది సరిగ్గా ఆ మాట కోసమే. ల్యాండింగ్ "ఒకప్పుడు భవిష్యత్తు" అంటే, గతంలోని ఏదో ఒక క్షణాన అది భవిష్యత్తు అని అర్థం. మరి ఆ క్షణం సంగతి? అదీ ఒకప్పుడు భవిష్యత్తే, ఒకప్పుడు వర్తమానమే, ఇప్పుడు గతమే. దానికీ మూడూ అంటుకున్నాయి. ఆ చిక్కు విప్పాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి, అక్కడా అదే చిక్కు. దీనికి అంతు లేదు. కాబట్టి ఎ-వరసలోనే వైరుధ్యం ఉంది, అది పోతే మార్పు పోతుంది, మార్పు పోతే కాలమే పోతుందని ఆయన తీర్మానం.

మొదటిసారి చదివినప్పుడు ఇది మాటల గారడీలా కనిపిస్తుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలకండి. ఈ వాదనను కాదనాలంటే ఫలానా మెట్టు తప్పని వేలు పెట్టి చూపించాలి. ఏ మెట్టును కాదంటారన్నదాన్ని బట్టే మీరు ఏ పక్షమో తేలిపోతుంది.

తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ "బి-వరసలో ఏదీ మారదు" అన్న మెట్టును కాదన్నాడు. పొద్దున ఏడింటికి కాఫీ వేడిగా ఉంది, ఎనిమిదింటికి చల్లగా ఉంది. ఒకే వస్తువుకు రెండు సమయాల్లో రెండు గుణాలుంటే అదే మార్పు. దానికి ఎ-వరస అక్కర్లేదు. ఈ దారి పట్టినవాళ్లను బి-సిద్ధాంతులంటారు. అన్ని కాలాలూ సమానంగా ఉన్నాయనే బ్లాక్ యూనివర్స్ చిత్రం వీళ్లదే. తర్కవేత్త ఆర్థర్ ప్రయర్ "ప్రతి సంఘటనకూ మూడూ అంటుకోక తప్పదు" అన్న మెట్టును కాదన్నాడు. ఉన్నది వర్తమానం ఒక్కటే. "ల్యాండర్ దిగింది" అన్న వాక్యం నిజం, అంతే. "గతం" అనే గుణాన్ని మోసుకుంటూ ఆ సంఘటన ఇంకా ఎక్కడో ఉందని అనుకుంటేనే చిక్కు మొదలవుతుంది. దీన్ని వర్తమానవాదం అంటారు. వీటి మధ్య తత్వవేత్త సి. డి. బ్రాడ్ 1923లో ఇంకో దారి వేశాడు: గతమూ వర్తమానమూ ఉన్నాయి, భవిష్యత్తు లేదు, ఉన్నదానికి కొత్త పొరలు చేరుతూ పోతాయి.

బ్రాడ్ చిత్రం వినడానికి అన్నిటికన్నా సహజంగా ఉంటుంది. కానీ దానిలో లోపం చాలా లోతైనది. శ్రీకృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కాడు. 1515లో విజయనగరంలో నిలబడ్డ ఒక సైనికుడు "ఇప్పుడు 1515, ఇదే చివరి పొర" అనుకుంటాడు. బ్రాడ్ ప్రకారం గతం ఉంది కాబట్టి ఆ సైనికుడు ఇంకా ఉన్నాడు, అలాగే అనుకుంటున్నాడు, పొరబడుతున్నాడు. మరి మన మీద కూడా పొరలు చేరిపోలేదని చెప్పడానికి మన దగ్గరున్న ఆధారం ఏమిటి? ఆ సైనికుడి దగ్గరున్నంతే. దీనికి ఇచ్చిన జవాబుల్లో ఒక్కటీ నాకు సంతృప్తినివ్వలేదు.

వర్తమానవాదానికి ఉన్న చిక్కు వేరు. గతం లేనే లేకపోతే "రాయలు 1509లో గద్దెనెక్కాడు" అన్న వాక్యం దేనివల్ల నిజమవుతోంది? శాసనాల వల్ల అనలేం. శాసనాలన్నీ చెరిగిపోయినా ఆ వాక్యం నిజమే. ఈ ఖర్చు భరించడానికి సిద్ధపడితే వర్తమానవాదం పట్టుకోవచ్చు. చాలామంది ఖర్చు చూడకుండానే పట్టుకుంటారు.

ఇంకో పాత అభ్యంతరం కూడా తరచూ వినబడుతుంది: కాలం గడిస్తే ఎంత వేగంతో గడుస్తోంది? తత్వవేత్త జె. జె. సి. స్మార్ట్ 1949లో దీన్ని గట్టిగా అడిగాడు. సెకనుకు ఒక సెకను అంటే అది వేగమే కాదని వాదన. నా లెక్కలో ఇది బలహీనమైన బాణం. గడవడం అంటే ఒక వస్తువు ఇంకోదాని మీదుగా కదలడమే అని ముందే ఒప్పుకుంటేనే ఇది తగులుతుంది. గడవడాన్ని ఒప్పుకునేవాళ్లలో చాలామంది అలా ఒప్పుకోరు.

ఈ చర్చ పడమటి దేశాల సొత్తు అనుకుంటే మాత్రం పొరపాటు. సర్వాస్తివాద శాఖ బౌద్ధులు మూడు కాలాల ధర్మాలూ ఉన్నాయన్నారు. ఇక్కడ ధర్మం అంటే నీతి కాదు, అన్నిటికీ మూలమైన అంశం. అన్నీ ఉంటే వాటి మధ్య తేడా ఏమిటి? ఆ శాఖ ఆచార్యుడు వసుమిత్రుడు చెప్పిన జవాబు, కారిత్రం అని. అంటే ధర్మం తన పని చేయడం. పని ఇంకా చేయనిది భవిష్యత్తు, చేస్తున్నది వర్తమానం, చేసి ఆగిపోయినది గతం. బౌద్ధ పండితుడు వసుబంధుడు తన అభిధర్మకోశ భాష్యంలో దీన్ని పట్టుకుని నిలదీస్తాడు: ధర్మం ఎప్పుడూ ఉన్నప్పుడు అది ఎప్పుడూ పని చేయకుండా అడ్డుపడేదేమిటి? ఆ కారిత్రానికి కూడా గతం, వర్తమానం, భవిష్యత్తు ఉన్నాయా? ఉంటే దానికి ఇంకో కారిత్రం కావాలి కదా? మెక్‌టాగర్ట్ ఎక్కిన మెట్లనే దాదాపు పదిహేను వందల ఏళ్ల ముందు ఆయన ఎక్కాడు. తత్వశాస్త్రం చదివే మన పిల్లలకు మెక్‌టాగర్ట్ ఒక్కడినే చెప్పి దీన్ని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

నాగార్జునుడు మూలమధ్యమక కారికల రెండో అధ్యాయంలో నడకను తీసుకున్నాడు. నడిచేసిన దారిని ఇప్పుడు నడవడం లేదు, నడవని దారిని ఇంకా నడవడం లేదు, ఈ రెండూ కాక నడుస్తున్న దారంటూ విడిగా మిగలదు. పంతొమ్మిదో అధ్యాయంలో నేరుగా కాలాన్నే పరీక్షిస్తాడు: వర్తమానం, భవిష్యత్తు గతాన్ని బట్టి ఉంటాయంటే అవి గతంలోనే ఉండాలి, గతాన్ని బట్టి కావంటే అవి ఉన్నాయని నిలబెట్టడమే కుదరదు.

ఇదే తరహా ఆక్షేపణ న్యాయ దర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో పండు రూపంలో వస్తుంది. పండు చెట్టు నుంచి పడుతోంది. తొడిమ నుంచి పండు దాకా ఉన్నది పడిపోయిన దూరం, పండు నుంచి నేల దాకా ఉన్నది పడాల్సిన దూరం. మధ్యలో "పడుతున్న" దూరం లేదు, కాబట్టి వర్తమానం లేదు. సూత్రకారుడి జవాబు, వర్తమానం లేకపోతే దాన్ని బట్టి ఉండే గతమూ భవిష్యత్తూ ఉండవని. వాత్స్యాయనుడి భాష్యం ఇంకో అడుగు వేస్తుంది: కాలం తెలిసేది దారిని బట్టి కాదు, క్రియను బట్టి. పండులో పడే క్రియ ఉన్నంతసేపూ అది వర్తమానం. దూరాన్ని రెండు ముక్కలు చేసి చూపించినంత మాత్రాన క్రియ మాయమవదు. ఇందులో సాపేక్ష సిద్ధాంతం ముందే ఉందని చెప్పడం ఆ గ్రంథానికి అన్యాయం చేయడమే. కానీ గడవడాన్ని విశ్వమంతా పరుచుకున్న ఏదో ప్రవాహంలో వెతక్కుండా జరుగుతున్న పనిలో వెతకాలన్న సూచన మాత్రం ఇవాళ్టికీ బలమైనదే. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

ఇక సాపేక్ష సిద్ధాంతం. 1905లో ఐన్‌స్టైన్ చెప్పినదాంట్లో మనకు కావలసిన ముక్క ఒక్కటే: దూరంగా జరిగే రెండు సంఘటనలు "ఒకేసారి" జరిగాయా అన్నది చూసేవాడి కదలికను బట్టి ఉంటుంది. ఎంత తేడా వస్తుందో మీరే కట్టి చూడండి. మీ వేగాన్ని దూరంతో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగించాలి. దూరాన్ని కాంతి ప్రయాణించే సమయంలో రాసుకుంటే ఇంకా తేలిక: మీ వేగం కాంతి వేగంలో ఎన్నో వంతో చూసి, దానితో ఆ సమయాన్ని గుణిస్తే చాలు.

మామూలు నడక సెకనుకు 1.4 మీటర్లు. కాంతి సెకనుకు 30 కోట్ల మీటర్లు. నిష్పత్తి దాదాపు 100 కోట్లలో 4.7 వంతులు. చంద్రుడి దాకా కాంతికి సుమారు 1.3 సెకన్లు. గుణిస్తే 6 నానోసెకన్లు. అంటే ల్యాండర్ దిగిన సాయంత్రం ఒకరు చంద్రుడి వైపు నడుస్తూ, ఇంకొకరు నిలబడి ఉంటే, "చంద్రుడి మీద ఇప్పుడు" అన్నదాంట్లో ఇద్దరికీ తేడా 6 నానోసెకన్లు. పట్టించుకోనక్కర్లేదు. అదే ఆండ్రోమెడా గెలాక్సీ దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. అదే నిష్పత్తితో గుణిస్తే 0.0117 సంవత్సరం, అంటే నాలుగు రోజుల పైచిలుకు. రోడ్డు మీద ఇద్దరు ఎదురెదురుగా నడుస్తూ ఒకరినొకరు దాటే క్షణంలో, ఆండ్రోమెడాలో "ఇప్పుడు" అన్నది ఒకరికి ఇంకొకరికన్నా ఎనిమిది రోజులకు పైగా తేడా. ఒకరి లెక్కలో అక్కడ జరిగిపోయింది, ఇంకొకరి లెక్కలో ఇంకా జరగలేదు.

ఇక్కడ రెండు చోట్ల తరచూ తప్పు జరుగుతుంది. మొదటిది, ఇది కాంతి ఆలస్యంగా రావడం వల్ల వచ్చిన తేడా అనుకోవడం. కాదు. కాంతి ప్రయాణ సమయాన్ని లెక్కలోంచి తీసేశాక మిగిలే తేడా ఇది. ఆండ్రోమెడా కాంతి ఇద్దరి కళ్లకూ ఒకేసారి చేరుతుంది, ఇద్దరికీ కనిపించేది 25 లక్షల ఏళ్ల కిందటి దృశ్యమే. రెండోది, దీనివల్ల కారణం కన్నా ఫలితం ముందు రావచ్చనుకోవడం. రాదు. ఒక సంఘటన నుంచి ఇంకోదానికి కాంతి చేరగలిగితే వాటి క్రమం అందరికీ ఒక్కటే. మారేది కాంతి కూడా అందుకోలేనంత దూరంలో ఉన్నవాటి క్రమం మాత్రమే. మొదట చెప్పిన మూడు సంగతుల్లో క్రమం దాదాపు చెక్కుచెదరకుండా నిలిచేది ఇలాగే.

1966లో రీట్‌డైక్, 1967లో పట్నమ్ ఈ సంగతి నుంచి ఒక పెద్ద నిర్ణయం తీశారు: నాకు భవిష్యత్తు అయినది నా పక్కన నడిచేవాడికి వర్తమానం కాగలిగితే, అతను నాకు వాస్తవం, అతనికి వాస్తవమైనది నాకూ వాస్తవం, కాబట్టి భవిష్యత్తు ఇప్పటికే వాస్తవం. ఈ వాదనలో బోల్టు ఊడేది "అతనికి వాస్తవమైనది నాకూ వాస్తవం" అన్న చోట. "అతనికి ఇప్పుడు" అన్న గీత అతని కదలికను బట్టి గీసిన గీత. దానికి వాస్తవాన్ని తేల్చే హక్కు ఎవరిచ్చారు? తత్వవేత్త హోవర్డ్ స్టైన్ 1968లో ఇదే అడిగాడు. 1991లో ఇంకా ముందుకెళ్లి లెక్కతో చూపించాడు: ఒక బిందువు దగ్గర నిలబడి "ఇప్పటికి తేలిపోయినవి" అని గీత గీయాలంటే, ఎవరి కదలికనూ ఆధారం చేసుకోకుండా గీయగలిగే సహజమైన గీత ఉంది. అది ఆ బిందువుకు కాంతి గానీ, అంతకన్నా నెమ్మదైనది గానీ వచ్చి చేరగల సంఘటనల సమూహం. దాన్నే గత కాంతి శంకువు అంటారు. విశ్వమంతటికీ ఒకే వర్తమానం పోయింది. "ఇక్కడ, ఈ బిందువుకు, ఇంతవరకు జరిగింది" అన్నది మాత్రం నిలిచింది. ఈ అరవై ఏళ్ల చర్చలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే ఫలితం ఇదే.

"విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు అంటున్నారుగా, అది అందరికీ ఒకటే కాలం కాదా?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. విశ్వ కాలం అనేది పదార్థాన్ని పెద్ద ఎత్తున సగటు తీసి, ఆ సగటుతో కలిసి కదిలే గడియారాలను ఊహించి కట్టిన లెక్క. మన సూర్యుడు విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యంతో (తొలినాటి విశ్వం నుంచి మిగిలి, అన్ని దిక్కుల నుంచీ వచ్చే కాంతితో) పోలిస్తే సెకనుకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నాడు. పై లెక్కే వేస్తే, దిశను బట్టి ఆండ్రోమెడా అంత దూరంలో "ఇప్పుడు" గరిష్ఠంగా మూడు వేల ఏళ్ల దాకా జరుగుతుంది. ఒక లెక్కకు అనువైన కాలం ఉందంటే, గడిచేది అదేనని రుజువు కాదు. పైగా గణితవేత్త గోడెల్ 1949లో ఐన్‌స్టైన్ సమీకరణాలకు ఇచ్చిన పరిష్కారంలో, తిరిగే విశ్వంలో, అలాంటి ఉమ్మడి కాలం నిర్వచించడమే కుదరదు. సమీకరణాలు దాన్ని తప్పనిసరి చేయడం లేదన్నమాట.

మరి ఏది గడుస్తుంది? ఒక వస్తువు వెళ్లే దారి వెంట దాని గడియారం చూపే కాలం. దీన్ని స్వకాలం అంటారు. ఇది ఎవరు లెక్కగట్టినా ఒకటే. 1971 అక్టోబరులో హాఫలె, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీజియం అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టి భూమి చుట్టూ తిప్పారు. నేల మీది గడియారాలతో పోలిస్తే తూర్పుగా వెళ్లినవి సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి సుమారు 273 నానోసెకన్లు ముందున్నాయి. 2010లో అమెరికాలో అల్యూమినియం అయాన్ గడియారాలతో, ఎత్తులో 33 సెంటీమీటర్ల తేడాకే పైనున్నది వేగంగా నడుస్తుందని కొలిచి చూపించారు. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సరిచేయకపోతే రోజుకు 11 కిలోమీటర్లకు సమానమైన తప్పు పేరుకుంటుంది.

ఇంటి దగ్గరి లెక్క కావాలంటే, ఎత్తును గురుత్వ త్వరణంతో గుణించి కాంతి వేగం వర్గంతో భాగించండి. తిరుపతి ఊరికీ తిరుమల కొండకూ ఎత్తులో తేడా 700 మీటర్లనుకుందాం. 700ను 9.8తో గుణిస్తే 6,860. దాన్ని కాంతి వేగం వర్గంతో భాగించి రోజులోని 86,400 సెకన్లతో గుణిస్తే దాదాపు 6.6 నానోసెకన్లు. కొండ మీది గడియారం రోజుకు అంత, ఏడాదికి సుమారు 2.4 మైక్రోసెకన్లు ఎక్కువ చూపిస్తుంది. కింది గడియారం చెడిపోలేదు, పైదీ చెడిపోలేదు. రెండు దారుల వెంట రెండు నిడివుల కాలం గడిచింది. వాత్స్యాయనుడి మాట ఇక్కడే పనికొస్తుంది: కాలం ఎక్కడ గడిచిందో చూడాలంటే పండులో జరుగుతున్న క్రియను చూడాలి.

బి-సిద్ధాంతి ఇక్కడ ఊరుకోడు. "స్వకాలం దారి పొడవు మాత్రమే. రోడ్డు పొడవు కిలోమీటర్లలో ఉన్నంత మాత్రాన రోడ్డు ఎటో వెళ్తున్నట్టు కాదు కదా" అంటాడు. ఈ అభ్యంతరం గట్టిది, దీన్ని దాటవేయకూడదు. నా పక్షం ఇది: రోడ్డు మీద ఏ చివర మొదలో రోడ్డును చూసి చెప్పలేం. స్వకాలం వెంట మాత్రం ప్రతి స్థితీ దాని ముందరి స్థితి నుంచి పుట్టుకొస్తుంది, తర్వాతి స్థితి నుంచి కాదు. ఈ పుట్టుకొచ్చే సంబంధం మూలమైనదని ఒప్పుకుంటే గడవడాన్ని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోకపోతే దాన్ని వేరే దేనితోనైనా వివరించాలి. ఆ వివరణ కోసం చాలామంది ఎంట్రోపీ దగ్గరికి, అంటే ఒక వ్యవస్థ ఎంత చెల్లాచెదురుగా ఉందో చెప్పే కొలత దగ్గరికి, వెళ్తారు.

ఎంట్రోపీ దిశను వివరిస్తుంది. అదీ పాక్షికంగానే. పెట్టెలో వంద అణువులున్నాయనుకోండి. అన్నీ ఎడమ సగంలోనే ఉండే అవకాశం రెండును వందసార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒక వంతు, అంటే ఒకటి పక్కన ముప్పై సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒకటి. నిజమైన పెట్టెలో అణువులు వంద కాదు, కోట్ల కోట్ల కోట్లు. అందుకే డికాక్షన్ పాలల్లో కలుస్తుంది, విడిపోదు. కానీ ఎంట్రోపీని ఇలా అణువుల లెక్కతో వివరించిన బోల్ట్‌జ్‌మన్‌ను 1876లో శాస్త్రవేత్త లోష్మిట్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ సూదిలా గుచ్చుతుంది: అణువుల నియమాలు రెండు దిశల్లోనూ ఒకటే అయినప్పుడు, ఇదే లెక్క వెనక్కి వేస్తే ఎంట్రోపీ గతంలో కూడా ఎక్కువే ఉండాలి కదా? నియమాలు రెండు దిశల్లోనూ పూర్తిగా ఒకటే కాదని సూచిస్తూ 1964లో కేయాన్లనే సూక్ష్మ కణాల్లో దొరికిన చిన్న అసమానత డికాక్షన్ సంగతి తేల్చదు. ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే జవాబు, విశ్వం చాలా తక్కువ ఎంట్రోపీతో మొదలైందని విడిగా ఒక షరతు పెట్టుకోవడం. అది ఎందుకలా మొదలైందన్నది తెగని ప్రశ్న. తెగినా అది దిశ గురించే. వన్‌వే బోర్డు బండ్లు ఎటు పోవాలో చెబుతుంది గానీ బోర్డు తాను కదలదు. ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ 1928లో ప్రచారంలోకి తెచ్చిన "కాల బాణం" అన్న మాటను గడవడానికి రుజువుగా వాడేవాళ్లు ఈ తేడా మరిచిపోతారు.

ఇక అనుభవం. మనందరికీ ఒకే "ఇప్పుడు" ఉన్నట్టు ఎందుకు అనిపిస్తుంది? మూడు మీటర్ల దూరంలో మాట్లాడే మనిషి గొంతు చెవికి చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు, ఆ మనిషి రూపం కంటికి చేరడానికి 10 నానోసెకన్లు. రెండు శబ్దాల్లో ఏది ముందో చెప్పడానికే మన చెవికి వాటి మధ్య సుమారు 20 మిల్లీసెకన్లు కావాలి. మన చుట్టుపక్కల వస్తువులు అంతకన్నా నెమ్మదిగా మారతాయి కాబట్టి చూస్తున్నదల్లా "ఇప్పుడే" అనిపిస్తుంది. చంద్రయాన్ దిగిందని అందరూ చప్పట్లు కొట్టేసరికి ఆ దిగడం సెకనుకు పైగా పాతది. అంగారకుడి మీద ఏదైనా దిగితే ఆ ఆలస్యం 3 నుంచి 22 నిమిషాలు. అలాంటిచోట పుట్టి పెరిగి, భూమితో రోజూ మాట్లాడాల్సి వచ్చినవాళ్లకు ఉమ్మడి "ఇప్పుడు" అంత సహజంగా తోచకపోవచ్చు. కాబట్టి ఉమ్మడి వర్తమానం మన ఇంద్రియాల నుంచి వచ్చిన అలవాటు అనడం న్యాయమే. గడవడం మొత్తాన్నీ అదే గాటన కట్టేయడం న్యాయం కాదు. ప్రయర్ 1959లో ఎత్తిచూపింది ఇదే. పరీక్షలు ముగిసి "అమ్మయ్య, అయిపోయాయి" అనుకున్నప్పుడు మనం సంతోషించేది పరీక్షల తేదీ ఫలానా తేదీకి ముందు ఉందని కాదు. ఆ సంబంధం నెల కిందటా అంతే ఉంది, అప్పుడు ఎవరూ అమ్మయ్య అనుకోలేదు. బి-సిద్ధాంతులు దీనికి జవాబు చెప్పారు: కష్టం తర్వాత ఊరట కలిగేలా మనం తయారయ్యాం, అంతకుమించి ఏమీ లేదని. ఊరట ఎప్పుడు వస్తుందో అది చెబుతుంది. ఊరట దేని గురించో చెప్పదు.

ఐన్‌స్టైన్ మాట సంగతి. 1955 మార్చిలో ఆయన ప్రాణస్నేహితుడు మిషెల్ బెస్సో పోయాడు. బెస్సో కుటుంబానికి రాసిన ఓదార్పు ఉత్తరంలో, గతం, వర్తమానం, భవిష్యత్తుల మధ్య భేదం మొండిగా వదలని భ్రమ మాత్రమేనన్న భావం వస్తుంది. నెల తిరగక ముందే, ఏప్రిల్ 18న, ఐన్‌స్టైన్ కూడా పోయాడు. స్నేహితుడిని పోగొట్టుకున్న ఇంటికి రాసిన మాటను సిద్ధాంతంగా ఉటంకించేముందు ఇంకో సంగతి కూడా చూడాలి. "ఇప్పుడు" అన్న సమస్య ఐన్‌స్టైన్‌ను తీవ్రంగా వేధించిందనీ, అది ఫిజిక్స్‌కు అందదన్న నిజాన్ని ఆయన బాధతోనే ఒప్పుకున్నాడనీ తత్వవేత్త కార్నప్ తన మేధో ఆత్మకథలో రాశాడు. భ్రమ అని తేల్చేసి ఊరుకున్న మనిషిని ఆ సమస్య అంతగా వేధించదు.

చివరగా మీ రెండో ప్రశ్న, అంతా ఖాయమా అన్నది. బ్లాక్ యూనివర్స్‌ను ఒప్పుకున్నా తలరాత రుజువు కాదు. ముందు "గడ్డకట్టిన విశ్వం" అన్న మాటను పక్కన పెట్టండి. ఒక వస్తువు గడ్డకట్టింది అంటే కాలం గడుస్తున్నా మారకుండా ఉందని. బ్లాక్‌కు బయట ఇంకో కాలం లేదు, కాబట్టి అది మారుతుందనీ అనలేం, మారకుండా ఉందనీ అనలేం. మార్పులన్నీ దాని లోపలే ఉన్నాయి. "ఇప్పటికే ఉంది" అన్నదాంట్లోనూ అదే పొరపాటు. రేపటి సంఘటన రేపు ఉంది, ఇవాళ లేదు.

తర్వాత, "జరగబోయేది జరుగుతుంది" అన్న వాక్యానికీ "ఏం చేసినా అదే జరుగుతుంది" అన్న వాక్యానికీ మధ్య తేడా చూడండి. మొదటిది ఎవరూ కాదనలేని ఖాళీ నిజం. రెండోది కారణాల గురించి చేసిన పెద్ద ప్రకటన, బ్లాక్ యూనివర్స్ దాన్ని సమర్థించదు. మీరు చదివి పరీక్ష పాసవుతారనుకోండి. బ్లాక్‌లో పాసవడం ఎంత ఉందో, అంతకుముందు మీరు రాత్రిళ్లు చదవడమూ అంతే ఉంది, ఆ చదువు వల్లే ఈ పాసవడం వచ్చిందన్న సంబంధమూ అంతే ఉంది. చదవకపోయినా పాసయ్యేవారని ఆ చిత్రంలో ఎక్కడా రాసి లేదు. ముందరి స్థితి తర్వాతి స్థితిని ఒకే ఒక్క తీరుగా నిర్ణయిస్తుందా అన్నది నియతివాదం ప్రశ్న. అది క్వాంటమ్ నియమాలను ఎలా అర్థం చేసుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది, కాలం గడుస్తుందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. గడవడాన్ని గట్టిగా నమ్ముతూ నియతివాదిగా ఉండవచ్చు, బ్లాక్‌ను నమ్ముతూ నియతి లేదనవచ్చు. ఎవరైనా ఈ రెండింటినీ కలిపి "సైన్స్ కూడా తలరాతనే చెబుతోంది" అంటే, వాళ్లు ఏ మెట్టు మీద నిలబడి ఆ మాట అంటున్నారో అడగండి.